తొమ్మిది కంటే తక్కువైతే

సహస్ర అడిగింది, కుర్చీ తిప్పకుండానే:
"ఈ నలభై వరసలు ఎవరి కోసం సార్?
ఈ వెర్షన్లు ఇంకా ఎవరన్నా వాడుతున్నారా?"

మాదాపూర్‌లో ఏడో అంతస్తు. అద్దం అవతల
ఫ్లైఓవర్ మీద బళ్ళన్నీ ఎర్రదీపాలు వెలిగించుకొని నిలబడ్డాయి.
వెంటనే జవాబు చెప్పలేదు నేను.
మిర్చి ఘాటు గుర్తొచ్చి తుమ్మొచ్చింది.

ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు.
మెట్ల కింద, తుప్పు పట్టిన త్రాసుల పక్కన,
గోనెపట్టా కప్పుకొని ఒక సర్వరు.
పెట్టినవాడెవరో పెట్టి పోయాడు.
పాస్‌వర్డు గోడ మీద పెన్సిల్‌తో ఉంది,
సున్నం వేసినప్పుడల్లా ఆ జానెడు మాత్రం వదిలేసి వేస్తారు.

ల్యాప్‌టాప్‌ని బస్తా మీద పెట్టి
నా సరికొత్త క్లయింటులో రెండంటే రెండే అక్షరాలు కొట్టాను:
ఒక వాలుగీత, ఒక డీ. పట్టికలు చూపించమని.
"అలాంటి కాలమ్ లేదు" అంది అది.

లెక్కలు రాసే తబస్సుమ్ బేగం నవ్వింది.
"దానికి తెల్వనిది అడుగుతున్నరు సాబ్.
మేం అడిగితే చెప్తది."
ఆమె బల్ల మీద పాత కంప్యూటరు, పాత క్లయింటు,
అవే రెండక్షరాలు.
పద్నాలుగు పట్టికలు వచ్చి వరసగా నిలబడ్డాయి:
గుంటూరు సరుకు, వరంగల్ సరుకు, బాకీలు, హమాలీ కూలి,
చిట్టచివర "పాత2_వాడొద్దు" అని ఒకటి.
రోజూ వాడేది అదేనట.

ఆ రాత్రే రాశాను ఈ నలభై వరసలు.

చేసేది పెద్దగా ఏం లేదు సహస్రా.
తలుపు తీయగానే నీ నంబరెంత అని అడుగుతాం.
తొమ్మిది కంటే తక్కువైతే
ప్రశ్నని కొంచెం వెనక్కి నడిపిస్తాం.
తర్వాతి కాలంలో పుట్టిన కాలమ్ దగ్గరికి రాగానే
దాని జాగాలో రెండు ఖాళీ కొటేషన్లు పెట్టి
ఆ జవాబు మనమే నింపుకొని పంపుతాం.
లేనిదాన్ని లేదని దాని నోటితో అనిపించం.

నేనెక్కే కోఠి బస్సులో కండక్టరు
ఇప్పటికీ ఒక టాకీసు పేరు అరుస్తాడు.
టాకీసు పోయి సోఫాల షోరూము వచ్చింది.
అరుపు వినగానే నలుగురు దిగుతారు,
ఒక్కరూ సినిమాకి కాదు.

అట్లని అన్నీ దాచుకోలేదు నేను.
ఎనిమిదికి ముందువి పోయినేడు నేనే కొట్టేశాను.
పరీక్షించడానికి అలాంటి సర్వరునొకదాన్ని బతికిద్దామని
రెండు ఆదివారాలు కూర్చున్నాను.
కంపైలర్ ఒప్పుకోలేదు.
హెచ్చరికలు పేజీలు పేజీలుగా పారి
ఒక్క లోపం దగ్గర ఆగిపోయాయి, రెండుసార్లూ అక్కడే.
పరీక్షించలేని వరసని ఉంచడమంటే
మాట ఇవ్వడం కాదు, ఇచ్చినట్టు కనబడడం.
తీసేసి, కామిట్ సందేశంలో రాశాను:
"ఇక వీళ్ళతో మాట్లాడలేం."
మళ్ళీ చెరిపి "మద్దతు తొలగించాం" అని రాశాను.

ఎక్కడో ఏ మెట్ల కిందో ఎవరో
వాలుగీతా డీ కొట్టే ఉంటారు.
నాకు ఫోను రాలేదు.
ఫోను రాకపోవడం జవాబు కాదు.

సహస్ర అంతా వింది. విని,
"మరి ఈ నలభైకి టెస్టు ఏది సార్?" అంది.

నిజమే.
నా దగ్గరున్న టెస్టు తబస్సుమ్ బేగం నంబరొక్కటే.
ఆ నంబరుకి చేసి రెండేళ్ళయింది.

క్యాబులు వెళ్ళిపోయాయి. ఊడ్చేవాళ్ళు వచ్చి
మా కుర్చీల చుట్టూ ఊడ్చి వెళ్ళారు.
పదిన్నరకి ఒక కంటెయినర్లో
పాత సర్వరుని లేపింది సహస్ర, మూడోసారికి.
అది తన నంబరు చెప్పింది:
ఎనిమిది, చుక్క, నాలుగు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
సహస్ర కొట్టింది,
వాలుగీత,
డీ.